నాట్ల రోజుల్లో ధర్నా

భద్రాచలం వెళ్ళి వచ్చామని తెలియగానే మా వీధిలో అందరూ ముందు ప్రసాదం అడిగారు. తర్వాత గోదావరి ఎంతవరకు వచ్చిందని అడిగారు. రెండింటికీ జవాబు చెప్పాను. మూడో సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేకపోయాను. వచ్చి నెల దాటాక ఇప్పుడు రాస్తున్నాను.

నేను భీమవరంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. మా అక్క రాజ్యలక్ష్మి నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ బాగా జరిగితే ఆ కళ్ళతో భద్రాద్రి రాముణ్ణి చూస్తానని మొక్కుకుంది. డాక్టరు నల్లద్దాలు తీసెయ్యమన్న వారానికే బట్టలు సర్దేసింది. వానలు పడుతున్నాయి, ఒక నెల ఆగుదామని నేనంటే, "మొక్కుకి వానేంటే?" అంది.

దానికి తోడు సుజాత ఎప్పటినుంచో రమ్మని ఉత్తరాలు రాస్తోంది. సుజాత నర్సు. ట్రైనింగ్ రోజుల్లో మా ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఇప్పుడు భద్రాచలం అవతల అడవిలో ఒక చిన్న ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తోంది. ఆ ఊరి పేరు రాయను. రాస్తే ఇబ్బంది పడేది తనే.

ఖమ్మం

మొదటి రోజు బెజవాడ మీదుగా ఖమ్మం చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. బస్టాండు పక్క సందులో ఒకావిడ నడిపే మెస్‌లో కూర్చున్నాం. భోజనం ఇరవై రూపాయలు. అన్నం ఎంతైనా పెడతారు. చారు అనుకుని అక్క చేతిలో పోయించుకుని నోట పెట్టి, నా వైపు కంగారుగా చూసింది.

"ఏవే, ఇది కాచలేదు. పచ్చిదే పోశారు."

మెస్ నడిపే ఆవిడ నవ్వింది. "ఏందమ్మా గట్ల జూస్తున్నవ్? పచ్చిపులుసు అది. కాచేది గాదు, పిసికేది. ఉల్లిగడ్డ తగులుతది, తిను."

అక్క తిన్నది. మళ్ళీ పోయించుకుంది. మూడోసారి అడగబోయి నా మొహం చూసి ఆగిపోయింది. మేం ఎటు పోతున్నామో చెప్పగానే ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"అడవి దిక్కా? దోమతెర పట్టుకున్నరా? గా దిక్కు జరాలు మస్తుగున్నయి. మా తమ్ముడు ఆడ బడిపంతులు. పది దినాలు మంచం దిగలే."

దోమలు మా భీమవరంలో లేవా అనుకున్నాను. చేపల చెరువుల మధ్య బతికేవాళ్ళకు దోమ గురించి ఒకరు చెప్పాలా? ఆ మాటే అన్నాను. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "మీ దోమ వేరు, గాళ్ళ దోమ వేరు" అని పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

టేకులపల్లి దారిలో

రెండో రోజు పొద్దున ఇల్లెందు మీదుగా వెళ్ళే బస్సెక్కాం. టేకులపల్లి దాటిన కాసేపటికి వాగు పొంగి రోడ్డు మీదినుంచి పారుతోంది. నీళ్ళు తగ్గేదాకా బస్సు కదలదని డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సుల వెనక లారీలు, లారీల వెనక ఎడ్లబండ్లు. రోడ్డు పక్క టీకొట్టు ఒక్కటే. టీ రెండు రూపాయలు. ఆ గంటలో ఆ కొట్టతను నెల బేరం చేసుకుని ఉంటాడు.

పక్క పొలంలో ఆడవాళ్ళు వంగి వరి నాటుతున్నారు. నెత్తిన గోనెసంచి కొప్పెరలు. మేం వరిసీమ వాళ్ళం. అక్క గట్టు దాకా వెళ్ళి, "ఊడ్పు కూలి ఎంతిస్తున్నారమ్మా?" అని అరిచింది.

"ఊడ్పంటే ఏంది?" అని ఒకామె నడుం ఎత్తింది.

"అదే, మీరు చేసేది."

"నాట్లా? నలబై ఇస్తున్నరు. ఈ నెల దినాలే అమ్మా మాకు పైసలు గనబడేది. ఒక్క దినం పోతే మల్ల ఏడాది దాక రాదు." ఆ మాట అంటూనే మళ్ళీ వంగింది. మాట్లాడినంతసేపూ పక్క వరసవాళ్ళకంటే వెనకబడతానన్న తొందర ఆమె చేతుల్లో తెలుస్తూనే ఉంది.

టీకొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు కలిశాడు. సారపాక కాగితం మిల్లుకు జామాయిల్ కర్ర తోలుతున్నాడు. మాటల్లో మేం వెళ్ళే ఊరి పేరు చెబితే, "రేపెల్లుండి ఆడ ఏదో ధర్నా ఉన్నదంట మేడం. మొన్న ఆ దారిల పోతుంటె విన్న" అన్నాడు.

"దేనికి?"

"సర్కారు ఖర్చులు తగ్గిస్తున్నదట గద, దానికి. ఎందుకైతేంది మేడం, ధర్నాలకొచ్చేది ఎవరు? పని లేనోళ్ళు. ఒక బిర్యాని పొట్లం, ఒక వంద నోటు ఇస్తె ఎవరైనా వస్తరు."

నాకు మాట తగిలింది. మా ఉద్యోగుల సంఘం పిలుపిచ్చిన ప్రతి ధర్నాకూ వెళ్ళిన మనిషిని నేను. షామియానా, కింద జంపఖానా, వక్తలకు మైకు, మధ్యాహ్నం పులిహోర, సాయంత్రం నాలుగున్నరకల్లా ఇల్లు. బిర్యాని కోసం వెళ్ళలేదని అతనితో కొంచెం గట్టిగానే అన్నాను. అతను చేతులు జోడించి, "మిమ్మల్నన్లే మేడం" అన్నాడు. వాగు తగ్గింది. బస్సు కదిలింది.

సారపాక వంతెన అవతల

కొత్తగూడెం దాటి, పాల్వంచ దాటి, సారపాక దగ్గర మిల్లు వాసన ముక్కుకు తగిలింది. తర్వాత వంతెన. కింద గోదావరి ఎర్రగా, చెట్టు కొమ్మలు మోసుకుంటూ పోతోంది. అక్క కిటికీ ఊచలు పట్టుకుని లేచి నిలబడింది. "మన గోదారేనే! మనింటికే వెళ్తోంది" అంది బస్సంతటికీ వినబడేలా. ఎవరో నవ్వారు. ఎవరో జరిగి చోటిచ్చారు.

ఆ రాత్రి సత్రంలో పడుకుని మూడో రోజు ఉదయం దర్శనానికి వెళ్ళాం. వాన వల్ల జనం పలచగా ఉన్నారు. అక్క ఇంతకుముందు రెండుసార్లు వచ్చింది, మసక కళ్ళతో. ఈసారి గడప దగ్గర ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సీతమ్మ తొడ మీద కూర్చుందే. ఇన్నేళ్ళూ నాకు తెలీదు."

బయటికి వచ్చేసరికి అక్క చెప్పుల జత లేదు. వాటి చోట రెండూ ఎడమకాలి చెప్పులే ఉన్నాయి. ఎవరో అంతకంటే కంగారు మనిషి అక్క జతలోని ఒకటి, తమదొకటి తొడుక్కుపోయి ఉండాలి. వేరే దారి లేక ఆ రెండు ఎడమ చెప్పులతోనే బజారు దాకా నడిచి కొత్త జత కొన్నాం. అంత సంతోషంలో ఉంది కాబట్టి అక్క ఎవర్నీ తిట్టలేదు.

అడవిలోకి

మధ్యాహ్నం బస్సులో సుజాత ఊరికి బయల్దేరాం. రోజుకు రెండే బస్సులు. టేకు చెట్లు, వెదురు పొదలు, మధ్యలో రేకుల ఇళ్ళు, మళ్ళీ అడవి. బస్సులో చుట్టూ కోయభాష. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ముందు సీట్ల దగ్గర ఒక మనిషి కింద పడుకుని ఉన్నాడు. తాగి ఉన్నాడనుకుని నేను చీర కుచ్చెళ్ళు దగ్గరికి లాక్కున్నాను. కండక్టరు తన ఖాకీ కోటు తీసి అతనిమీద కప్పడం చూశాక గానీ ఆ మనిషి వణుకుతున్నాడని నాకు తెలియలేదు.

సుజాత గొడుగు పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చింది. మనిషి సగమైపోయింది. మమ్మల్ని చూసి చిన్నపిల్లలా నవ్వింది. క్వార్టర్ అంటే ఒక గది, ఒక వంటిల్లు. గోడమీద ఏసు బొమ్మ కింద మేం ఎప్పుడో పంపిన ఫోటో. రాత్రికి లేత వెదురు మొలకల కూర వండింది. సన్నగా తరిగి, ఉడికించి నీళ్ళు పారబోసి, మళ్ళీ కారంతో. అక్క ఎలా వండాలో రెండుసార్లు చెప్పించుకుంది. భీమవరంలో వెదురు మొలక ఎక్కడ దొరుకుతుందో నాకైతే తెలియదు.

మంచాలకు దోమతెరలు కడుతూ సుజాత నా వైపు చూడకుండా అంది. "రేపు దవాఖానా కాడ జర గడబిడ ఉంటదక్కా. మీరు ఇంట్లనే ఉండుండ్రి."

"ధర్నానా? దారిలో విన్నాను. ఎవరు చేస్తున్నారు?"

"రేపు నువ్వే జూస్తవు గద" అని దీపం తగ్గించింది.

దవాఖానా ముందు

నాలుగో రోజు పొద్దున ఎనిమిదింటికి సుజాత వెళ్ళింది. తొమ్మిదింటికి మేమిద్దరం వెళ్ళాం. ఇంట్లో ఉండమంటే ఉండే మనిషి కాదు అక్క.

ఆరోగ్య కేంద్రం రెండు గదులు, ముందు వరండా, వరండా ముందు మట్టి ఆవరణ. చినుకులు పడుతున్నాయి. వరండా నిండా, చూరు కింద, గోడ వారన జనం పడుకుని ఉన్నారు. కొందరు దుప్పట్లలో, కొందరు గోనెసంచుల్లో, ఎరువుల బస్తాలు విప్పి కుట్టిన పట్టాల కింద. ఒక ముసలావిడ గోడకానుకుని కళ్ళు మూసుకుని ఉంది. పదేళ్ళ పిల్ల ఒకతె మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతోంది. నిండు గర్భిణి ఒకామె పక్కకు ఒత్తిగిలి వాంతి చేసుకుంది.

"ఇంతమంది రోగులా! ధర్నా ఏది మరి?" అన్నాను సుజాతతో.

సుజాత వరండా వైపు చెయ్యి చూపింది. "ఇదే అక్కా."

నాకు అర్థం కాలేదు. షామియానా లేదు. జెండా లేదు. మైకు లేదు. గేటుకు పాత క్యాలెండరు కాగితం తిప్పి కట్టారు. దానిమీద బొగ్గుతో పెద్ద అక్షరాలు, 'మాకు జరం ఉన్నది'. అంతే. అది చదివాక కూడా నాకు అర్థం కాలేదు.

వరండా మెట్టు మీద నలభై ఏళ్ళ మనిషి ఒకాయన దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. కళ్ళు పచ్చగా ఉన్నాయి. సుజాత పరిచయం చేసింది. "సోడె భద్రయ్య. చుట్టు నాలుగూళ్ళల్ల ఇండ్ల గోడలకు దోమల మందు కొట్టేది ఈయనే. తొమ్మిదేండ్ల సంది. ఈ ఏడు ఖర్చు తగ్గించాల్నని మందు కొట్టేటోళ్ళను తీసుకోలే."

భద్రయ్య నెమ్మదిగా, ఆగి ఆగి చెప్పాడు. "మందు ఆపిండ్రమ్మా. సరే. నెత్తురు జూసే సారును వేరే కాడికి పంపిండ్రు, మల్ల ఎవర్నీ వెయ్యలే. సుజాతమ్మ నెత్తురు చుక్క తీసి గాజుబిళ్ళ మీద పెడతది. అది జూసే మనిషి లేడు. జూస్తెనే గద జరమని రాసేది? రాయకపోతె జరం లేనట్టే లెక్క. జరం లేకపోతె మందుబిళ్ళలెందుకు అని గవి గూడ ఆపిండ్రు."

"మరి ధర్నాకు ఇంత జ్వరంతో వీళ్ళు ఎందుకు వచ్చారు? ఇంట్లో బాగున్నవాళ్ళు రావచ్చు కదా?" అని అడిగాను. నిజంగా తెలియకే అడిగాను.

భద్రయ్యకు నా ప్రశ్న వింతగా తోచినట్టుంది. "బాగున్నోళ్ళు నాట్లకు పోయిండ్రమ్మా. నాట్లు ఆగుతయా? పని చెయ్యగలిగినోడు ఒక దినం ధర్నాల కూసుంటె ఇంట్ల ఏం తింటరు? అందుకని నేనే ఊరూరు తిరిగి చెప్పిన. కూలికి పొయ్యేటోళ్ళు కూలికి పోండి, పోలేనోళ్ళు ధర్నాకు రాండి అని."

నేను మెట్టు మీద ఆయన పక్కన కూర్చున్నాను. పని లేనివాళ్ళు వస్తారని లారీ డ్రైవరు అన్న మాట ఆ క్షణంలో ఇంకోలా వినబడింది. ఇరవై ఏళ్ళ ధర్నాల్లో నా పక్కన కూర్చున్న వాళ్ళంతా గుర్తొచ్చారు. ఒక రోజు జీతం పోతుందని ముందే సెలవు చీటీ రాసి పెట్టి వచ్చిన వాళ్ళం అందరం.

అక్క మాత్రం ఏమీ అడగలేదు. ఆ వణుకుతున్న పిల్ల దగ్గరికి వెళ్ళి కూర్చుని, పాదాలు ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో రుద్దడం మొదలుపెట్టింది.

కానిస్టేబుల్

పదకొండింటికి ఒక కానిస్టేబుల్ మోపెడ్ మీద వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. సత్తుపల్లి వైపు కుర్రాడు, మాట మా వైపు మాటకు దగ్గరగా ఉంది. ధర్నాలో పాల్గొన్న అందరి పేర్లూ రాసుకురమ్మని స్టేషన్లో చెప్పారన్నాడు. గోడకు అట్ట ఆనించి రాయబోయాడు. పెన్ను కాగితం మీద నిలవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. అతని చెయ్యి వణుకుతోంది. నుదుటిమీద చెమట.

సుజాత అతని మణికట్టు పట్టుకుని చూసింది. "నీగ్గూడ ఉన్నది తమ్మీ. ఎన్ని దినాల సంది?"

"రోజు విడిచి రోజు వస్తంది అక్కా. సెలవు అడిగితే ఇవ్వలేదు." అని నా వైపు తిరిగాడు. నా భుజాన ఉన్న బ్యాగు, కళ్ళద్దాలు చూసి ఆఫీసు మనిషినని గుర్తుపట్టినట్టున్నాడు. "మేడం, కొంచెం రాసిపెడతారా? నేను చెప్తా ఉంటా."

రాసేటప్పుడు చేతి అలవాటు పోదు. గీతలు గీసి వరుస సంఖ్య, పేరు, ఊరు, వయసు, చివర రిమార్కులు అని గళ్ళు పెట్టాను. మొదటి పేరు భద్రయ్యది. రిమార్కుల్లో ఏం రాయాలో తెలియక, "ఎన్ని రోజులనుంచి?" అని అడిగాను.

"తొమ్మిది దినాలు."

'జ్వరం, తొమ్మిది రోజులు' అని రాశాను. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళాను. కొందరు పేరు చెప్పలేకపోతే పక్కవాళ్ళు చెప్పారు. భయపడతారనుకున్నాను. పోలీసు కాగితం, పేరెక్కితే కేసవుతుందేమో, రేషన్ కార్డు పోతుందేమో అని మా వైపైతే సగం మంది లేచిపోయేవాళ్ళు. ఇక్కడ ఒక్కరూ కదల్లేదు. గోడకానుకున్న ముసలావిడ, కారం ముత్తమ్మ, తనంతట తనే చెయ్యెత్తింది.

"రాయి బిడ్డా. మంచిగ రాయి. సుజాతమ్మ పుస్తకంల మా పేరు రాస్తలేరు. పోలీసోళ్ళ పుస్తకంలనన్న రాస్తున్నరు."

కానిస్టేబుల్ అది విని తలవంచుకున్నాడు. నేను ముత్తమ్మ పేరు రాసి ముందుకు కదిలాను. జ్వరం, ఆరు రోజులు. జ్వరం, గర్భిణి, ఎనిమిదో నెల. జ్వరం, చూపు మసక. పిల్ల దగ్గరికి వచ్చాను. ఆ పిల్ల పేరు, వయసు, ఊరు అక్కే చెప్పింది. అప్పటికే అన్నీ అడిగి తెలుసుకుంది.

"నా పేరు కూడా రాయి" అంది అక్క.

"నువ్వెందుకు? నీకు..."

"ఇక్కడే కదా కూర్చున్నాను పొద్దుట్నించీ? రాయి. ఇంటిపేరుతో సహా రాయి." ఏ ధర్నానూ దగ్గరినుంచి చూడని మనిషి. మా సంఘం గొడవలంటే, 'మీ జీతాల పేచీ' అని తీసిపారేసే మనిషి. నలభై ఆరో పేరుగా రాశాను. రిమార్కుల్లో ఏమీ రాయలేదు.

ముత్తమ్మ నన్నే చూస్తోంది. "మరి నీ పేరేది బిడ్డా?"

"నేను గవర్నమెంటు ఉద్యోగిని అవ్వా. నా పేరు ఉండకూడదు."

"గవర్నమెంటోళ్ళు ధర్నా జెయ్యరా?"

అక్క పిల్ల పాదాల మీదినుంచి తలెత్తకుండా అంది. "చెయ్యకేం? ఏడాదికి రెండుసార్లు చేస్తుంది."

"దేనికి?"

"జీతానికి."

ముత్తమ్మ మొహంలో వెటకారమేమీ లేదు. తల ఊపింది. "అవ్. అది గూడ గావాలె గద." అని కళ్ళు మూసుకుంది.

వెటకారం చేసి ఉంటే ఏదో ఒకటి అనేదాన్ని. వాదించేదాన్ని. ఆవిడ ఒప్పేసుకుంది. రెండు కాగితాలూ మడిచి కానిస్టేబుల్ చేతికిచ్చాను.

జీపు

మూడున్నరకు జీపు వచ్చింది. ఆరోగ్యశాఖ పై ఆఫీసరు, యాభై ఏళ్ళ మనిషి. దిగీ దిగగానే బాగా అలవాటైన గొంతుతో మొదలుపెట్టాడు. "రికార్డుల ప్రకారం ఈ ప్రాంతంలో జ్వరాలు లేవమ్మా. మీరంతా ఎవరో చెబితే..."

కానిస్టేబుల్ ముందుకు వచ్చి సెల్యూట్ చేసి కాగితం ఇచ్చాడు. ఆ సెల్యూట్ చేసిన చెయ్యి కూడా వణుకుతూనే ఉంది.

"ఏంటిది?"

"ధర్నాలో పాల్గొన్నవాళ్ళ జాబితా సార్."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మొదట వేలు గబగబా కిందికి పోయింది. రెండో కాగితానికి వచ్చేసరికి నెమ్మదించింది. తర్వాత ఆగింది. కాగితం దింపి వరండా వైపు చూశాడు, మళ్ళీ కాగితం చూశాడు. నేను రాసిన రిమార్కుల గడిలో ఒకే మాట నిలువునా కిందిదాకా ఉంది. అది చదువుతున్నప్పుడు ఆయన పెదవులు కదలడం నాకు కనిపించింది.

మెట్టు మీద కూర్చున్నాడు. భద్రయ్య పక్కనే. "మందులు ఆపమని నేను అనలేదయ్యా. బడ్జెట్ లేదన్నారు" అన్నాడు, ఎవరికో సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

"మీరన్నరని మేం అన్లే సారూ" అన్నాడు భద్రయ్య.

జీపులో ఉన్న మందుబిళ్ళల పెట్టె దింపించాడు. అందరికీ చాలవు. గర్భిణినీ, పిల్లనూ ఎక్కించుకుని భద్రాచలం తీసుకెళ్ళాడు. పిల్ల అక్క కొంగు వదల్లేదు. అక్క కొంగు చింపి ఇచ్చేసేలా ఉంది, చివరికి ఒక్కొక్క వేలూ విప్పింది. రెండు రోజుల్లో మందులు పంపుతానని ఆఫీసరు అందరి ముందూ చెప్పాడు. ఆ కాగితం తన దగ్గరే ఉంచుకుంటాననబోతే కానిస్టేబుల్, "అది స్టేషన్‌ది సార్" అన్నాడు. సుజాత నకలు తీసి ఆయనకు పంపేట్టు మాట అయింది. తను రెండు కాగితాలూ తీసుకుని, మర్నాడు స్టేషన్‌కు తిరిగి చేరుస్తానంది.

ఆరింటికి నాటు కూలీలు వచ్చారు. మోకాళ్ళ దాకా బురద, చేతులు నీళ్ళలో నాని తెల్లగా పాలిపోయి. ఎవరి మనిషిని వాళ్ళు తీసుకెళ్ళడానికి వచ్చారు. మా ధర్నాల చివర మేం స్కూటర్లు వెతుక్కుంటాం. ఇక్కడ ఒక కొడుకు తల్లిని వీపున వేసుకున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక మనిషిని మంచంతో సహా ఎత్తారు.

భద్రయ్య భార్య నాగమ్మ వచ్చి అతని చంక కింద భుజం పెట్టి లేపింది. సన్నగా, పొడుగ్గా ఉంది.

"అయిపోయిందా నీ ధర్నా?"

"అయిపోయింది. నీ నాటు?"

"ఇంక రెండు మళ్ళున్నయి."

ఇద్దరూ అడవి దారిలో మలుపు దాకా కనిపించారు.

తిరుగు ప్రయాణం

అయిదో రోజు ఏడింటికి బస్సు. సుజాత తెల్లవారకముందే లేచి నకలు రాస్తోంది. ఆ రెండు కాగితాలూ బల్ల మీద ఉన్నాయి. నాకు రాత్రంతా నిద్ర లేదు. పక్కన కూర్చుని పెన్ను అడిగాను.

"ఎందుకక్కా?"

"చివర్న నా పేరు రాస్తాను."

సుజాత పెన్ను ఇవ్వలేదు. నొప్పించకుండా చెప్పాలని చూసింది. "ఇది నకలక్కా. అసలుల లేని పేరు నకలుల ఉండొద్దు గద. అసలుల పెడదామంటే అది పోలీసుల కాగితం."

ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు? ఇరవై ఏళ్ళుగా ఎంతమంది కాగితాలు నేనే ఆ మాట చెప్పి వెనక్కి పంపానో. సుజాత మిగిలిన పేర్లు రాసి, 'అసలుకు సరియైన నకలు' అని కింద సంతకం పెట్టింది. బస్సు హారన్ వినబడింది.

దారిలో అక్క కిటికీ పక్కనే కూర్చుంది. వంతెన మీద గోదావరిని చూసింది. "మనింటికే వెళ్తోంది" అని ఈసారి అనలేదు.

మొన్న సుజాత ఉత్తరం వచ్చింది. మందుబిళ్ళలు రెండు రోజులకు కాదు, ఆరు రోజులకు వచ్చాయి. నెత్తురు చూసే మనిషిని వారానికి ఒకరోజు పంపుతున్నారు. పిల్ల బాగుంది, బడికి వెళ్తోంది. ముత్తమ్మ తిరుగుతోంది. గర్భిణికి నెలలు నిండకుండానే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. ఆవరణలోకి జనాన్ని రానిచ్చినందుకు సంజాయిషీ ఇమ్మని సుజాతకు మెమో వచ్చింది.

భద్రయ్య లేడు. మేం వచ్చేసిన నాలుగో రోజు జ్వరం మెదడుకెక్కింది. భద్రాచలం తీసుకెళ్ళే బస్సులోనే పోయాడు.

ఆ తర్వాత పది రోజులకు గోడలకు మందు కొట్టేవాళ్ళను తిరిగి తీసుకోమని ఉత్తర్వు వచ్చిందట. పిలవాల్సిన వాళ్ళలో మొదటి పేరు సోడె భద్రయ్య. సూపర్వైజరు ఆ కాగితం పట్టుకుని ఇంటికి వెళ్తే నాగమ్మ తీసుకుంది. మందు కొట్టే పంపు ఎక్కడ ఇస్తారని అడిగింది. ఇది ఆడవాళ్ళు చేసే పని కాదమ్మా అని అతనన్నాడట.

"ఆయనకు జరమొచ్చిన దినాల్ల ఇన్నేండ్లు ఈ పని ఎవరు జేసిన్రనుకున్నవ్?" అందట నాగమ్మ.

ఇప్పుడు ఆ నాలుగూళ్ళ గోడలకు మందు కొడుతున్నది ఆవిడే. మస్టరులో మాత్రం ఇంకా భద్రయ్య పేరే రాస్తున్నారట.